మీ పార్సిల్ ఇప్పుడెక్కడుంది?

ఒక ఇంటికి ఇన్సులిన్ రావలసి ఉందనుకుందాం. ఆ ఇంట్లో తాతగారికి చక్కెర వ్యాధి. ఉన్న మందు రేపటితో అయిపోతుంది. మందుల దుకాణం నుంచి పార్సిల్ బయలుదేరిందని ఫోనుకు కబురు వచ్చింది. ఆ కబురులోని లింకు నొక్కితే తెరమీద ఊరి పటమూ, దానిమీద ఒక చిన్న బండి బొమ్మా కనిపించాయి. బొమ్మ వీధి వెంట కదులుతున్నది. కింద ‘మీకంటే ముందు 3 చోట్ల ఆగాలి’ అని ఉంది.

ఇటువంటి పటాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. కాని ఆ బండి బొమ్మ వెనక ఎంత విజ్ఞానం ఉన్నదో ఆలోచించారా? ఆకాశంలోని ఉపగ్రహం, దానిలోని అణు గడియారం, డ్రైవరు జేబులోని ఫోను, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు, మీ చేతిలోని తెర ఇవన్నీ కలిసి పనిచేస్తేనే ఆ బొమ్మ కదులుతుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పు చెప్పినా నష్టం చిన్నది కాదు. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. ఇంటికి తాళం వేసి ఉన్న సమయంలో బండి వచ్చి వెళ్ళిపోతే మందు మళ్ళీ తిరుగు ప్రయాణం కట్టాలి. కనుక బండి ఎక్కడ ఉందో, ఎప్పుడు వస్తుందో తెలియడం వినోదం కోసం కాదు, అవసరం కోసమే.

నంబరు చెప్పే కథ

పార్సిల్‌ను వెతికే పద్ధతి కొత్తదేమీ కాదు. తపాలా కార్యాలయంలో స్పీడ్ పోస్టు చేస్తే రసీదుమీద 13 స్థానాల గుర్తు ఒకటి ఉంటుంది. మొదట 2 ఇంగ్లీషు అక్షరాలు, తరవాత 9 అంకెలు, చివర దేశాన్ని తెలిపే 2 అక్షరాలు. ఇది యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఏర్పరచిన నియమం.

ఆ 9 అంకెల్లో చివరిదానికి ఒక విశేషం ఉంది. అది మొదటి 8 అంకెలకు కాపలాదారు! మొదటి 8 అంకెలను వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7లతో గుణించి, వచ్చినవాటిని కూడాలి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసివేయాలి. వచ్చినదే తొమ్మిదో అంకె. 10 వస్తే 0, 11 వస్తే 5 వేస్తారు. ఉదాహరణకు 12345678 తీసుకుందాం. 8 + 12 + 12 + 8 + 15 + 30 + 63 + 56 = 204. దీనిని 11తో భాగిస్తే శేషం 6. 11లోంచి 6 పోతే 5. కాబట్టి పూర్తి సంఖ్య 123456785. ఎవరైనా మొదటి రెండు అంకెలను తారుమారుగా, అంటే 21345678 అని రాశారనుకోండి. మొత్తం 206 అవుతుంది, శేషం 8, కాపలా అంకె 3 కావాలి. కాని చివర 5 ఉంది. ‘ఇక్కడ తప్పు దొర్లింది’ అని కంప్యూటరు వెంటనే పసిగడుతుంది.

ఈ నంబరు పార్సిల్ వెంట ఊరూరా తిరుగుతుంది. ప్రతి మజిలీలో దానిని యంత్రంతో చదివి, ఫలానా చోటికి ఫలానా సమయానికి చేరిందని నమోదు చేస్తారు. అయితే రెండు మజిలీల మధ్య ఏం జరుగుతున్నదో నంబరు చెప్పలేదు. అది రైలు స్టేషన్లలో మాత్రమే ఆగి ఉత్తరం రాసే ప్రయాణికుడి వంటిది. ఉదయం 9 గంటలకు ‘బట్వాడాకు బయలుదేరింది’ అని ఉంటుంది. సాయంత్రం 5 గంటలకు ‘అందింది’ అని ఉంటుంది. మధ్యలోని 8 గంటలూ చీకటే. ఆ చీకటిని పోగొట్టాలంటే పార్సిల్‌ను కాదు, పార్సిల్‌ను మోసే బండిని గమనించాలి.

బండి ఎక్కడుందో బండికే ఎలా తెలుస్తుంది?

మెరుపు కనిపించిన తరవాత ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి, పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పవచ్చునని మీకు తెలుసు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. 3 సెకన్లు పడితే దూరం కిలోమీటరుకు కాస్త ఎక్కువ. డ్రైవరు ఫోను కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. కాకపోతే ఉరుముకు బదులు ఉపగ్రహం పంపే రేడియో సంకేతాన్ని వింటుంది.

అమెరికా వారి జీపీఎస్ వ్యవస్థలో ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతుంటాయి. వాటిలో మొదటిదాన్ని 1978లో ప్రయోగించారు. 1995 నాటికి వ్యవస్థ పూర్తిగా సిద్ధమయింది. ప్రతి ఉపగ్రహమూ ‘నేను ఫలానా, ఇప్పుడు నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో సమయం ఇంత’ అని ఎడతెరిపి లేకుండా చాటుతుంది. ఫోను ఆ సంకేతం అందిన సమయాన్ని చూసుకుంటుంది. రెండు సమయాల తేడాను కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది.

ఒక ఉపగ్రహం నుంచి దూరం తెలిస్తే మనం ఒక పెద్ద గోళం ఉపరితలం మీద ఎక్కడో ఉన్నామని మాత్రమే తెలుస్తుంది. రెండో ఉపగ్రహం మరొక గోళాన్నిస్తుంది. రెండు గోళాలూ ఒక వృత్తంలో ఖండించుకుంటాయి. మూడో గోళం ఆ వృత్తాన్ని రెండు బిందువుల వద్ద ఖండిస్తుంది. వాటిలో ఒకటి భూమిమీద ఉంటుంది, రెండోది ఎక్కడో అంతరిక్షంలో ఉంటుంది గనక దానిని వదిలివేయవచ్చు. అంటే మూడు ఉపగ్రహాలు చాలునన్న మాట!

కాని వాస్తవానికి నాలుగు కావాలి. ఎందుకు? కాంతి సెకనుకు 3 లక్షల కి.మీ. పోతుంది. అంటే సెకనులో పది లక్షల వంతు కాలంలో 300 మీటర్లు! ఫోనులోని గడియారం అంత కొద్ది తేడా చూపినా బండి పక్క పేటలో ఉన్నట్టు తేలుతుంది. ఉపగ్రహంలో ఉండే అణు గడియారాన్ని ఫోనులో పెట్టడం కుదరదు. అందుకని ఫోను తన గడియారం ఎంత తప్పిందో దానినే నాలుగో అజ్ఞాత రాశిగా తీసుకుంటుంది. నాలుగు అజ్ఞాత రాశులకు నాలుగు సమీకరణాలు కావాలి గదా! నాలుగో ఉపగ్రహం ఆ సమీకరణాన్ని అందిస్తుంది. లెక్కల తరగతిలో మీరు సాధించే సమీకరణాలకూ, పటంమీది బండికీ ఇంత దగ్గర చుట్టరికం ఉంది.

మరొక వింత కూడా చెప్పాలి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, ఆ ఎత్తున తిరిగే గడియారం భూమిమీది గడియారం కన్న రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. మైక్రోసెకనుకు 300 మీటర్ల లెక్కన ఇది రోజుకు 11 కి.మీ. పైమాటే. ఇంజనీర్లు దీనిని ముందుగానే లెక్కించి గడియారాలను సరిదిద్దకపోతే, బండి ఊళ్ళో ఉందో ఊరవతల ఉందో కూడా తెలిసేది కాదు.

మన దేశానికి నావిక్ అనే సొంత వ్యవస్థ ఉంది. దానిలో మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. 2016లో దానిలోని మూడు రుబీడియం గడియారాలూ చెడిపోయాయి. దాంతో ఆ ఉపగ్రహం స్థానాన్ని నిర్ణయించడానికి పనికిరాకుండా పోయింది. ఈ వ్యవస్థకు గడియారమే గుండెకాయ అనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. 2023 మే 29న అదే శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంలో మన దేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని అమర్చారు.

ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట, ఫోను తన స్థానాన్ని సుమారు 5 మీటర్ల తేడాతో చెప్పగలదు. 2000 సంవత్సరం మే నెల వరకూ పౌరులు వాడుకునే జీపీఎస్ సంకేతాలను అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత చెడగొట్టి పంపేది. అప్పట్లో తేడా 100 మీటర్ల దాకా ఉండేది. ఆ పద్ధతి మానివేసిన తరవాతనే వీధిని, ఇంటిని గుర్తించడం సాధ్యమయింది.

అయినా చిక్కులు తీరలేదు. ఎత్తయిన మేడల మధ్య సంకేతం గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఫోనును చేరుతుంది. దారి పెరిగితే కాలం పెరుగుతుంది, కాలం పెరిగితే దూరం ఎక్కువని ఫోను భ్రమపడుతుంది. బండి రోడ్డు వదిలి ఇళ్ళ కప్పులమీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకని కంప్యూటరు ఆ చుక్కను దగ్గరలో ఉన్న రోడ్డుకు లాగి అతికిస్తుంది. మరి ఒకదానిమీద ఒకటిగా రెండు రోడ్లుంటే? హైదరాబాదులో 2009లో ప్రారంభమైన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కి.మీ. పొడవున, కింది రోడ్డుకు నెత్తిన సాగుతుంది. అక్షాంశ రేఖాంశాలు రెండింటికీ ఒకటే. ఎత్తును చెప్పడంలో జీపీఎస్ మరింత బలహీనం. బండి వంతెనమీద ఉందో, కింద ఉందో దాని వేగాన్నీ, అది ముందు వచ్చిన దారినీ బట్టి ఊహించుకోవలసిందే.

బండి, ఆగే చోటు, పని

బండి స్థానం ఫోనుకు తెలిసింది. ఫోను దానిని రెండు సంఖ్యలుగా, అంటే అక్షాంశంగా, రేఖాంశంగా మార్చి మొబైల్ నెట్‌వర్కు ద్వారా ఒక పెద్ద కంప్యూటరుకు పంపుతుంది. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే భూమిమీద సుమారు 111 కి.మీ. దశాంశ బిందువు తరవాత 5 స్థానాలు రాస్తే మీటరు దాకా చెప్పినట్టే. 10 సెకన్లకు ఒకసారి పంపితే, 8 గంటల పనిదినంలో ఒక బండి 2,880 కబుర్లు పంపుతుంది. 100 బళ్ళున్న సంస్థకు రోజుకు 2,88,000 కబుర్లు!

ఈ కబుర్ల రాశిని అలాగే పోసుకుంటే ప్రయోజనం లేదు. వాటిని ఒక పద్ధతిలో అమర్చాలి. ఇందుకు గూగుల్ సంస్థ తయారుచేసిన ఫ్లీట్ ఇంజన్ అనే ఏర్పాటును ఉదాహరణగా చూద్దాం. ఫ్లీట్ అంటే బళ్ళ దండు. ఈ ఏర్పాటులో ప్రధానమైనవి రెండే: ఒకటి బండి, రెండోది పని.

పనులు నాలుగు రకాలు. పార్సిల్‌ను తీసుకోవడం ఒకటి. పార్సిల్‌ను అందించడం రెండోది. డ్రైవరు భోజనానికో, పెట్రోలుకో ఆగడం మూడోది. గిడ్డంగి వంటి చోట ముందుగా నిర్ణయించిన ప్రకారం ఆగడం నాలుగోది. ఒకే చోట రెండు మూడు పనులు ఉండవచ్చు. ఒక అపార్టుమెంటులో ముగ్గురికి పార్సిళ్ళుంటే ఆగే చోటు ఒకటే, పనులు మూడు. ఒకే పార్సిల్‌కు దుకాణంలో తీసుకునే పని, ఇంట్లో అందించే పని వేరువేరు. వాటిని కలిపి ఉంచేది పార్సిల్ నంబరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, శ్రద్ధగా చూడండి. ప్రతి పనికీ స్థితి ఉంటుంది: తెరిచి ఉంది, లేదా మూసివేశారు. దానికి వేరుగా ఫలితం ఉంటుంది: నెరవేరింది, లేదా విఫలమైంది. ‘మూసివేశారు’ అన్నంత మాత్రాన ‘అందింది’ అని అర్థం కాదు. ఇంటికి తాళం ఉంటే డ్రైవరు ఆ పనిని మూసివేస్తాడు, కాని ఫలితం విఫలం. మళ్ళీ తేవాలంటే కొత్త పని పుడుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసే ప్రోగ్రాం రాశారనుకోండి. మొదట మనం చెప్పుకున్న తాతగారి ఇన్సులిన్ అందకుండానే ‘అయిపోయింది’ అని తెరమీద కనిపిస్తుంది. దుకాణం వారు నిశ్చింతగా ఉంటారు, ఇంటివారు ఎదురుచూస్తూ ఉంటారు. పరీక్ష రాయడం వేరు, ప్యాసవడం వేరు. కంప్యూటరుకు ఈ తేడాను మనమే నేర్పాలి.

హోటల్లో సర్వరు, కంప్యూటర్లో సర్వరు

కబుర్లను దాచి, అడిగినవారికి ఇచ్చే కంప్యూటరును సర్వరు అంటారు. అడిగే కంప్యూటరును, లేక ఫోనును, క్లయింటు అంటారు. మన హోటళ్ళలో టిఫిను తెచ్చిపెట్టే మనిషిని కూడా సర్వరు అనే పిలుస్తాం. పోలిక బాగానే కుదురుతుంది. మీరు వంటింట్లోకి పోయి ఇడ్లీ తీసుకోరు. సర్వరును అడుగుతారు. అతడు తెచ్చి ఇస్తాడు. మెనూలో లేనిది అడిగితే లేదంటాడు.

అయితే ఎలా అడగాలి? కంప్యూటరుతో మాట్లాడే తీరు మహా కచ్చితంగా ఉండాలి. ఒక్క కామా తప్పినా అది మొహం తిప్పుకుంటుంది. పటం గీయడం, సర్వరును కొద్ది సెకన్లకోసారి అడగడం, జవాబు రాకపోతే మళ్ళీ అడగడం, బండి బొమ్మను జరపడం ఇవన్నీ ప్రతి మందుల దుకాణమూ, ప్రతి కొరియరు సంస్థా మొదటినుంచీ రాసుకోవాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకని అందరికీ పనికివచ్చే ప్రోగ్రాం ముక్కలను ముందే రాసి, పరీక్షించి, ఒక కట్టగా ఇస్తారు. దీనికే లైబ్రరీ అని పేరు. క్లయింటు వైపు ఉండి పనిచేస్తుంది గనక క్లయింటు లైబ్రరీ. సైకిలు షాపు మనిషి నట్లూ, బాల్ బేరింగులూ తానే పోతపోసుకోడు గదా! తయారైనవి తెచ్చి బిగిస్తాడు. ఇదీ అంతే.

ఫ్లీట్ ఇంజన్‌కు వెబ్ పేజీల్లో వాడుకునే లైబ్రరీ జావాస్క్రిప్ట్ భాషలో ఉంది. ప్రోగ్రాం రాసేవాడు ముఖ్యంగా మూడు పనులు చేస్తే చాలు. పేజీలో పటానికి చోటు చూపాలి. పార్సిల్ నంబరు ఇవ్వాలి. ‘మార్పు వచ్చినప్పుడు నాకు చెప్పు’ అని లైబ్రరీకి అప్పగించాలి. మిగిలినది అదే చూసుకుంటుంది. బండి కదిలినా, ముందున్న చోట్ల సంఖ్య తగ్గినా, చేరే సమయం మారినా అది తెలియజేస్తుంది.

లక్కముద్ర

సర్వరు ఎవరు అడిగినా చెప్పేస్తే? పార్సిల్ నంబరులో ఒక అంకె మార్చి పొరుగువారి పార్సిల్ గురించి అడగవచ్చు. అందుకని ప్రతి ప్రశ్నతోపాటు టోకెన్ అనే అనుమతి చీటీ చూపాలి. ‘ఈ చీటీ తెచ్చినవారు ఫలానా పార్సిల్ గురించి మాత్రమే అడగవచ్చు. ఈ చీటీ ఫలానా సమయం దాకానే చెల్లుతుంది’ అని అందులో ఉంటుంది. చెల్లుబాటు గంటకు మించదు. ఆ తరవాత లైబ్రరీ కొత్త చీటీ తెచ్చుకోవాలి.

చీటీని ఎవరైనా దొంగగా రాసుకోకుండా పూర్వం ఉత్తరాలకు లక్కముద్ర వేసేవారు. ఇక్కడ ముద్ర గణితంతో వేస్తారు. పార్సిల్ సంస్థ దగ్గర ఒక రహస్య తాళంచెవి, అంటే చాలా పెద్ద సంఖ్య, ఉంటుంది. చీటీలోని మాటలను దానితో కలిపి లెక్కిస్తే ముద్ర వస్తుంది. ముద్ర సరైనదో కాదో పరీక్షించడానికి మరొక సంఖ్య చాలు. ఆ రెండో సంఖ్యతో పరీక్షించగలరు గాని కొత్త ముద్ర వేయలేరు. చీటీలో ఒక్క అక్షరం మార్చినా ముద్ర సరిపోదు, సర్వరు తిప్పి పంపివేస్తుంది. రహస్య తాళంచెవిని సంస్థ తన కంప్యూటర్లలోనే దాచుకోవాలి. దానిని మీ ఫోనుకు వచ్చే పేజీలో పెట్టడం ఇంటి తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

తెరమీది బండి నిజంగా అక్కడే ఉందా?

ఖచ్చితంగా చెప్పాలంటే లేదు! బండి గంటకు 40 కి.మీ. వేగంతో పోతుంటే సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. 10 సెకన్లకోసారి కబురు పంపితే ఆ మధ్యలో 110 మీటర్లు పోతుంది. తెరమీద బొమ్మ మాత్రం గెంతకుండా నున్నగా జారుతుంది. ఎందుకంటే లైబ్రరీ రెండు చుక్కల మధ్య రోడ్డు వెంట బొమ్మను మెల్లగా జరుపుతుంది. మనం చూసేది కాస్త పాతబడిన నిజమూ, కాస్త ఊహా కలిసిన బొమ్మ. ఆకాశంలో నక్షత్రాన్ని చూసినప్పుడు దాని పాత వెలుగునే చూస్తాం గదా, అలాంటిదే. డ్రైవరు ఫోనుకు సిగ్నలు అందని చోట ఈ తేడా నిమిషాలకు పెరుగుతుంది. అందుకే ‘ఎక్కడ ఉంది’ అన్నదానితో పాటు ‘ఎప్పటి సంగతి’ అన్నది కూడా చూడాలి.

ఎప్పుడు వస్తుందో చెప్పడం మరీ కష్టం. మీది ఐదో ఇల్లు అనుకుందాం. ప్రతి ప్రయాణానికీ 4 నిమిషాలు, ప్రతి ఇంటి దగ్గరా 3 నిమిషాలు. 5 ప్రయాణాలకు 20, మీ ముందున్న 4 ఇళ్ళకు 12, మొత్తం 32 నిమిషాలు. ఒక ఇంటి దగ్గర లిఫ్టు పనిచేయక 10 నిమిషాలు పడితే లెక్క 39కి పోతుంది. ప్రతి ఇంటి దగ్గరా 2 నిమిషాలు అటూఇటూ అయితే, 4 ఇళ్ళకు ఎక్కువలో ఎక్కువ 8 నిమిషాల తేడా. మీకు ముందు 40 ఇళ్ళుంటే తేడా 80 నిమిషాల దాకా పోవచ్చు. దూరం పెరిగిన కొద్దీ జోస్యం బలహీనపడుతుంది.

ఏ ఇల్లు ముందు, ఏ ఇల్లు వెనక అన్నది కూడా సామాన్యమైన ప్రశ్న కాదు. 3 ఇళ్ళను 6 వరసల్లో చుట్టి రావచ్చు. 10 ఇళ్ళకు 36,28,800 వరసలు. 15 ఇళ్ళకు ఇవి లక్షా 30 వేల కోట్లు దాటుతాయి. సెకనుకు 10 లక్షల వరసలు పరీక్షించే కంప్యూటరుకు 15 రోజులు పడుతుంది, అప్పటికి పాలు విరిగిపోతాయి! అందుకని ఆచరణలో అన్నింటినీ పరీక్షించకుండా, మంచి వరస త్వరగా దొరికే ఉపాయాలు వాడతారు.

ఎవరికి ఎంత తెలియాలి?

చేయగలిగినదంతా చేయాలని లేదు. బండిని రోజంతా అందరికీ చూపించడం సాంకేతికంగా తేలిక. కాని అలా చూపితే ఏమవుతుంది? ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగిందో ఊరందరికీ తెలుస్తుంది. ఫలానా ఇంటికి మందులు వస్తాయని తెలుస్తుంది. విలువైన సరుకుతో పోయే బండిని దొంగ వెంబడించవచ్చు. డ్రైవరు ఎక్కడ భోంచేస్తాడో, ఎక్కడ విశ్రాంతి తీసుకుంటాడో కూడా బయటపడుతుంది.

అందుకే పైన చెప్పిన ఏర్పాటులో, ప్రత్యేకంగా మార్చుకుంటే తప్ప, మీ ఇంటికి 5 లేదా అంతకన్న తక్కువ మజిలీలు మిగిలినప్పుడే బండి మీ తెరమీద కనిపిస్తుంది. పని ముగిశాక మాయమవుతుంది. డ్రైవరు విరామానికి ఆగిన పని పార్సిల్ అందుకునేవారికి చూపరు. ఈ నియమం వల్ల రెండు లాభాలున్నాయి. ఇతరుల గుట్టు దాగుతుంది. సమయం లెక్క బాగా కుదిరే దశలోనే మీకు కబురు అందుతుంది.

బళ్ళను నడిపే సంస్థకు మాత్రం అన్ని బళ్ళూ కనిపిస్తాయి. అందుకు వేరే చీటీ ఉంటుంది. బండి దారిలో చెడిపోతే మరో బండిని పంపడానికి ఇది కావాలి. అదే కబురుతో డ్రైవరు ప్రతి నిమిషాన్నీ లెక్కగట్టి, నీళ్ళు తాగడానికి ఆగినా సంజాయిషీ అడగవచ్చు. కత్తి కూరగాయలూ తరుగుతుంది, చేయీ కోస్తుంది. మనిషికి సంబంధించిన సమాచారాన్ని ఏ పనికి సేకరించారో ఆ పనికే వాడాలన్నది దీనికి విరుగుడు. మన దేశంలో ఇందుకోసం 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు. అయినా చట్టం పుస్తకంలో ఉంటుంది. 5 అనే ఆ చిన్న అంకెను 50గా మార్చాలా వద్దా అన్నది, ప్రోగ్రాం రాసే మనిషి ముందు ఉంటుంది. మీలో కొందరు రేపు ఆ కుర్చీలో కూర్చుంటారు.

మీరూ చేసి చూడండి

1. ఇంట్లో స్పీడ్ పోస్టు రసీదు ఉంటే దానిలోని 9 అంకెలు తీసుకుని, కాపలా అంకె సరిపోయిందో లేదో లెక్కకట్టండి. తరవాత ఏదైనా ఒక అంకె మార్చి మళ్ళీ చూడండి.

2. బడి మైదానంలో సున్నంతో గళ్ళు గీసి ప్రతి గడికీ నంబరు ఇవ్వండి. ఒకరు బండిగా తమకు ఇష్టమైన దారిన నడవాలి. మరొకరు 10 సెకన్లకోసారి ఆ గడి నంబరు గట్టిగా చెప్పాలి. మైదానానికి వీపు పెట్టి కూర్చున్న మూడో విద్యార్థి వాటిని కాగితంమీద గుర్తించి, గీతతో కలపాలి. నడిచిన దారినీ, గీసిన దారినీ పోల్చండి. మళ్ళీ 5 సెకన్లకోసారి, 20 సెకన్లకోసారి చెప్పి ఆడండి. గీత ఎప్పుడు నిజానికి దగ్గరగా ఉందో, ఎక్కడ మూలలు తెగిపోయాయో రాసుకోండి.

3. మీ వీధిలో 4 ఇళ్ళను ఎన్నుకుని వాటి మధ్య దూరాలు అడుగులతో కొలవండి. బడినుంచి బయలుదేరి నాలుగింటినీ చుట్టి రావడానికి 24 వరసలున్నాయి. అన్నిటికన్న పొట్టి దారి ఏది? దానిని కనుక్కోవడానికి 24 వరసలూ లెక్కించారా, లేక ఏదైనా ఉపాయం తట్టిందా? తడితే దానిని మీ లెక్కల ఉపాధ్యాయుడికి చెప్పి, ఐదో ఇంటితో పరీక్షించండి.